వెనుదిరిగి చూసిన రౌతు – చిత్రకారుడు జెరికో జీవితం

మహారాష్ట్రలోని చాలా పట్టణాలలో నాలుగు దారులు కలిసే చోట ఛత్రపతి శివాజీ మహారాజు అశ్వారూఢుడై దర్శనమిస్తాడు. మన తెలంగాణలో రాణి రుద్రమదేవి గుర్రంపై కత్తి దూసిన రూపంలో కనిపిస్తుంది. సరిహద్దుకు ఇరువైపులా పెరిగే మన పిల్లలకు వీరుడనగానే మనసులో మెదిలేది ఈ రూపమే. గుర్రం ముందుకు దూకుతుంది, చూపు ముందుకు సాగుతుంది, ఖడ్గం ముందుకు చాచి ఉంటుంది. వసయి–దివా రైలు మార్గంలో ఉన్న భివండి రోడ్ స్టేషనులో దిగి మరమగ్గాల వాడలకు చేరుకునే మన నేత కుటుంబాల పిల్లలకు పాఠం చెప్పే అవకాశం నాకు కలిగింది. ఒకనాడు చిత్రలేఖనం తరగతిలో యుద్ధంలో ఉన్న రౌతును గీయమంటే, తెలుగు పిల్లలూ మరాఠీ పిల్లలూ ఒకే తీరున గీశారు. అందరి రౌతులూ ముందుకే చూస్తున్నారు.

అప్పుడు వారికి ఒక ఫ్రెంచి చిత్రం నకలు చూపించాను. అందులోనూ గుర్రం పైకి లేచింది, చుట్టూ పొగ కమ్మింది. రౌతు చేతిలో కత్తి ఉంది. అయితే అతడు ముందుకు చూడడం లేదు. జీనుపై నడుము మెలి తిప్పి వెనక్కి చూస్తున్నాడు. అతడు ఎందుకు వెనక్కి చూస్తున్నాడని ఒక పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆ చిత్రం గీసిన మనిషి జీవితమంతా చెప్పవలసి వచ్చింది. పిల్లలకు చెప్పిన ఆ కథనే ఇప్పుడు పెద్దల కోసం రాస్తున్నాను.

కలవారింట పుట్టిన బిడ్డ

ఆ చిత్రకారుని పేరు థియోడోర్ జెరికో. 1791 సెప్టెంబరు 26న ఫ్రాన్సు దేశపు ఉత్తర ప్రాంతమైన నార్మండీలో, రూఆఁ నగరంలో జన్మించాడు. అప్పటికి ఫ్రెంచి విప్లవం మొదలై రెండేళ్లు. తండ్రి న్యాయవాది. తల్లి పుట్టింటివారికి పొగాకు వ్యాపారం ఉండేది. తరువాత తండ్రి కూడా ఆ వ్యాపారంలో చేరాడు. పిల్లవాడు ఇంకా చిన్నవాడుగా ఉండగానే కుటుంబం పారిస్ నగరానికి తరలింది. ఒక్కడే కొడుకు కావడంచేత గారాబంగా పెరిగాడు.

చిన్ననాటి నుంచి అతనికి గుర్రమంటే ప్రాణం. ఆ రోజులలో పారిస్‌లో ఫ్రాంకోనీ కుటుంబం వారి సర్కసులో గుర్రపు విన్యాసాలు జరుగుతుండేవి. ఆ రౌతులను చూడడమే బాలునికి పండుగ. స్వారీ నేర్చుకుని దిట్ట అయ్యాడు. మన సామెతలో రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. జెరికో మెత్తని రౌతు కాడు. పొగరుబోతు గుర్రాలనే కోరి ఎక్కేవాడు. ఆ అలవాటే చివరకు అతని ప్రాణం మీదికి తెచ్చింది.

1808లో తల్లి మరణించింది. ఆమె ఆస్తిలో భాగం కుమారునికి దక్కడంతో, జీవనానికి మరొకరి కొలువు చేయవలసిన అవసరం లేకపోయింది. కొడుకు బొమ్మలు గీస్తూ కాలం గడపడం తండ్రికి నచ్చకపోయినా, అతడు అదే ఏడాది కార్ల్ వెర్నే అనే చిత్రకారుని వద్ద చేరాడు. గుర్రాలను, వేటలను, సైనికులను చిత్రించడంలో వెర్నే పేరు గడించినవాడు. 1810లో జెరికో అక్కడి నుంచి పియర్ గెరాఁ అనే మరొక గురువు వద్దకు వెళ్లాడు. ఈయన ప్రాచీన గ్రీకు, రోమను శిల్పాల పద్ధతిలో, గీత తప్పకుండా, రంగు పొంగకుండా గీయాలని బోధించే క్రమశిక్షణాపరుడు. శిష్యుని కుంచె మాత్రం కట్టలు తెంచుకునేది. కొంతకాలానికే అతడు గురుకులం విడిచి, లూవ్ర్ మ్యూజియంలో రూబెన్స్, టిషన్, రెంబ్రాంట్ వంటి పాత మహనీయుల చిత్రాల ముందు నిలబడి నకళ్లు గీస్తూ తనకు తానే నేర్చుకున్నాడు. గుర్రాల శరీర నిర్మాణం తెలుసుకోవడానికి వెర్సాయిలోని అశ్వశాలలకు వెళ్లి, ఒక్కొక్క గుర్రాన్ని మనిషి ముఖం గీసినంత శ్రద్ధగా గీశాడు.

బదులు వెళ్లిన మనిషి

ఇక్కడ ఆ కాలపు సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడు ఫ్రాన్సును ఏలుతున్నవాడు నెపోలియన్ చక్రవర్తి. ఏటేటా ఏదో ఒక దేశంతో యుద్ధం జరుగుతుండేది. 1798 నాటి చట్టం ప్రకారం ఈడు వచ్చిన యువకులు సైన్యంలో చేరక తప్పదు. ఆ కాలంలో ఎవరు వెళ్లాలో చీట్లు తీసి నిర్ణయించేవారు. అయితే ఆ చట్టం అమలులో ధనవంతులకు ఒక దారి మిగిలింది. చీటీ పడినవాడు డబ్బు చెల్లించి, తనకు బదులుగా మరొకరిని పంపవచ్చు. ఆ మరొకడు సాధారణంగా పల్లెటూరి పేదవాడు. సొమ్ము ఇంటికి వస్తుంది, అతడు యుద్ధానికి వెళతాడు.

1811లో జెరికోకు పిలుపు వచ్చింది. తండ్రి డబ్బు చెల్లించి, కుమారునికి బదులుగా మరొక మనిషిని పంపాడు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఉన్నవారందరూ చేసిన పనే. కొడుకు ఇంట ఉండి కుంచె పట్టాడు, ఎవరో తల్లి కన్న మరో కొడుకు తుపాకి పట్టాడు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే జెరికో ఆ తరువాత గీసిన చిత్రాలన్నీ వేరుగా కనిపిస్తాయి. అతడు తన మనసులోని మాట ఇదేనని ఎక్కడా ప్రకటించలేదు. అయినా అతని కుంచె మాత్రం జీవితాంతం ఇతరులు చేసిన నిర్ణయాలకు మూల్యం చెల్లించిన మనుషుల చుట్టూనే తిరిగింది.

నూలు, గంజి, అవిసె నూనె

ఆ మరుసటి ఏడాది జెరికో తన మొదటి పెద్ద చిత్రం తలపెట్టాడు. తైలవర్ణ చిత్రం ఎలా తయారవుతుందో నేత కుటుంబాలకు చెబితే తేలికగా అర్థమవుతుంది. ఎందుకంటే దాని పునాది మగ్గం మీదే పడుతుంది. ఆనాటి ఐరోపా చిత్రకారులు ఎక్కువగా వాడింది అవిసె మొక్క కాండం నుంచి తీసిన నారతో నేసిన బట్ట. సాదా పడుగు పేక నేత. ఆ బట్టను కర్ర చట్రానికి బిగించి, ముందుగా జిగురు పూస్తారు. భివండిలో పడుగుకు గంజి పెట్టి సైజింగు చేయడం మన వారందరికీ తెలిసినదే. అక్కడ గంజి దారం తెగకుండా కాపాడుతుంది. ఇక్కడ జిగురు నూనె బట్టలోకి ఇంకి పోగులను కుళ్లబెట్టకుండా కాపాడుతుంది. దానిపై తెల్లని పూత వేసి, అది ఆరిన తరువాత రంగులు వేస్తారు.

ఆ రంగుపొడులను నూరి కలిపేది కూడా అవిసె గింజల నూనెలోనే. మరాఠీవారు జవస్ అని పిలిచి చట్నీ చేసుకునే గింజలే ఇవి. అంటే ఒకే మొక్క కాండం బట్టగాను, గింజ నూనెగాను మారి ఆ చిత్రాన్ని మోస్తున్నాయన్నమాట. అవిసె నూనె నీటిలాగా ఆవిరైపోదు. గాలి తగిలి మెల్లగా గట్టిపడి పొరగా మారుతుంది. అందుచేత చిత్రకారుడు తడి రంగుపై మళ్లీ మళ్లీ పనిచేయగలడు, చీకటిపై వెలుగును పొరలు పొరలుగా పరచగలడు. పొగ, మంట, గుర్రపు చర్మపు నిగారింపు చూపడానికి ఇంతకంటె అనువైన సాధనం ఆనాడు మరొకటి లేదు.

1812 నాటి రౌతు

చిత్రానికి ప్రేరణ ఏమిటో అతని తొలి జీవితచరిత్రకారులు రాశారు. పారిస్ సమీపంలోని సాఁ క్లూ తిరునాళ్లకు వెళ్లే దారిలో, బండికి కట్టిన బూడిదరంగు చుక్కల గుర్రం ఒకటి ఎండకూ దుమ్ముకూ బెదిరి వెనుక కాళ్లపై పైకి లేచిందట. మామూలు బండి గుర్రం. దాని జూలు, చెమట పట్టిన వీపు, మెరిసే కళ్లు చూసిన జెరికోకు అక్కడే యుద్ధరంగం కనిపించింది. రౌతు ముఖానికి చక్రవర్తి అంగరక్షక అశ్వికదళంలోని దియుదొన్నే అనే లెఫ్టినెంటు నమూనాగా కూర్చున్నాడు. ఒక దుకాణం వెనుక గది అద్దెకు తీసుకుని, సుమారు ఐదు వారాలలో చిత్రం పూర్తి చేశాడంటారు.

దాని ఎత్తు 349 సెంటీమీటర్లు, వెడల్పు 266 సెంటీమీటర్లు. అంటే దాదాపు పదకొండున్నర అడుగుల ఎత్తు. అంత పెద్ద పరిమాణం అప్పట్లో రాజుల చిత్రాలకు, పురాణ గాథలకు కేటాయించేవారు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు దాన్ని పేరు మోయని అధికారికి కేటాయించాడు. రౌతు తలపై బొచ్చు టోపీ, ఒంటిపై జరీ అల్లికల అధికారి దుస్తులు, జీను కింద చిరుతపులి చర్మం. మనం అతణ్ణి వెనుక వైపు నుంచి చూస్తాం. గుర్రం చిత్రమంతా ఆక్రమిస్తూ ఏటవాలుగా పైకి లేస్తుంది. ఆకాశంలో పొగ, అడుగున అగ్నిజ్వాలల ఎరుపు. శత్రువు ఎక్కడా కనిపించడు. రౌతు శరీరం వెనక్కి మెలి తిరిగి ఉంది. కత్తి పట్టిన చేయి దెబ్బ వేయడానికి పైకెత్తి లేదు, కిందికి వాలి ఉంది. ముఖంలో కోపం లేదు, గెలుపు గర్వమూ లేదు. ఏదో ఆలోచన ఆ క్షణాన అడ్డు వచ్చినట్లు ఉంటుంది. గుర్రం ముందుకు, మనసు వెనక్కి. చిత్రంలోని బలమంతా ఈ రెండింటి నడుమ పెనుగులాటలోనే ఉంది.

ఈ చిత్రం 1812 నవంబరు 1న ప్రారంభమైన సలోన్ అనే ప్రభుత్వ చిత్రప్రదర్శనలో వేలాడింది. పేరు తెలియని కుర్రవాని పనితనం చూసి ఆనాటి చిత్రకారులలో అగ్రగణ్యుడైన దావీద్ ఆశ్చర్యపోయాడని చెబుతారు. జెరికోకు బంగారు పతకం లభించింది.

ఇప్పుడు ఆ తేదీని మరొక్కసారి చూడండి. ఆ వేసవిలోనే నెపోలియన్ లక్షల సైన్యంతో రష్యాపై దండెత్తాడు. అక్టోబరు 19న మాస్కో విడిచి వెనుదిరిగాడు. పారిస్ పెద్దలు ప్రదర్శనశాలలో ఈ రౌతు ముందు నిలబడి మెచ్చుకుంటున్న రోజులలోనే, నిజమైన రౌతులు మంచులో ఆకలితో, చలితో, జ్వరాలతో రాలిపోతున్నారు. గుర్రాలు మేత లేక చచ్చిపోయాయి, సైనికులు వాటి మాంసమే తిని నడిచారు. ఓటమి వార్త డిసెంబరు మధ్యలో గాని పారిస్‌లో అధికారికంగా ప్రకటింపబడలేదు. లక్షలలో వెళ్లినవారిలో తిరిగి వచ్చినవారు చాలా కొద్దిమంది. చిత్రకారుడు ఇదంతా ముందే ఊహించాడని అనలేం. అయినా ఆ ప్రదర్శన ముగిసేనాటికి, వెనక్కి చూసే ఆ చూపుకు చూపరులందరికీ అర్థం తెలిసిపోయి ఉంటుంది.

గాయపడిన రౌతు

రెండేళ్లు గడిచాయి. 1814 ఏప్రిల్‌లో నెపోలియన్ సింహాసనం వదులుకున్నాడు. పాత రాజవంశానికి చెందిన పద్దెనిమిదవ లూయీ రాజయ్యాడు. ఆ ఏటి సలోన్‌కు జెరికో తన 1812 నాటి రౌతును మళ్లీ పంపి, దాని పక్కన మరొక చిత్రం నిలిపాడు. అది గాయపడి యుద్ధభూమి విడిచిపోతున్న కవచధారి అశ్వికుని చిత్రం.

ఇందులో రౌతు గుర్రం దిగిపోయాడు. భారీ శరీరం, లోహ కవచం, శిరస్త్రాణం. ఒక చేత కళ్లెం పట్టుకుని, కత్తిని ఊతకర్రలా ఆనించుకుని, జారే వాలు మీద కాలు నిలదొక్కుకుంటున్నాడు. నెత్తురు కనిపించదు, గాయం ఎక్కడో తెలియదు. ముఖం మాత్రం వెనక్కి, పైకి, పొగ కమ్మిన ఆకాశం వైపు తిరిగి ఉంది. మొదటి చిత్రంలో కత్తి ఆయుధం, రెండవ దానిలో అది చేతికర్ర. ఓడిన సైనికుని అంత పెద్ద పటంపై ఒంటరిగా నిలపడం ఆనాటి విమర్శకులకు రుచించలేదు. మెప్పు దక్కలేదు. చిత్రకారునికీ ఆ పని తృప్తినివ్వలేదని చెబుతారు. నేడు ఆ రెండు చిత్రాలూ లూవ్ర్ మ్యూజియంలోనే ఉన్నాయి. ఒకటి చూసినవారు రెండవది చూడక తప్పదు.

విచిత్రమేమంటే, ఒకప్పుడు బదులు మనిషిని పంపిన జెరికో 1814లో తానే సైనిక దుస్తులు ధరించాడు. కొత్త రాజుగారి మస్కెటీర్ల దళంలో రౌతుగా చేరాడు. చక్కని గుర్రాలు, అందమైన దుస్తులు, స్నేహితుల సాంగత్యం అతణ్ణి ఆకర్షించి ఉంటాయి. 1815 మార్చిలో నెపోలియన్ ప్రవాసం నుంచి తిరిగి రాగానే రాజు రాత్రికి రాత్రి పారిస్ విడిచి ఉత్తర దిక్కుకు పారిపోయాడు. వానలో, బురదలో ఆయన వెంట వెళ్లిన దళంలో జెరికో కూడా ఉన్నాడు. దేశ సరిహద్దుకు చేరువలోని బెతూన్ వద్ద ఆ దళాన్ని రద్దు చేశారు. యుద్ధ చిత్రాలతో పేరు పొందిన మనిషి కళ్లారా చూసిన సైనిక ప్రయాణం ఇదొక్కటే. అది దాడి కాదు, పలాయనం.

తెప్పపై వదిలివేయబడినవారు

ఆ తరువాత అతని సొంత జీవితంలో చిక్కులు పెరిగాయి. మేనమామ భార్యతో ఏర్పడిన సంబంధం మనసును కలచివేసింది. 1816లో రోమ్‌కు వెళ్లే ప్రభుత్వ బహుమతి కోసం పోటీపడి ఓడిపోయాడు. సొంత ఖర్చుతోనే ఇటలీ వెళ్లి, ఫ్లోరెన్స్, రోమ్ నగరాలలో మైకెలాంజిలో చిత్రాలను అధ్యయనం చేశాడు. రోమ్ ఉత్సవాలలో రౌతులు లేకుండా వీధిలో పరుగెత్తించే గుర్రాల పందెం అతణ్ణి కట్టిపడేసింది. ఎన్నో నమూనాలు గీసి, పెద్ద చిత్రం వేయకుండానే 1817లో తిరిగి వచ్చాడు. 1818 ఆగస్టులో అతనికి ఒక కుమారుడు పుట్టాడు. కుటుంబ గౌరవం పేరిట ఆ బిడ్డను తల్లిదండ్రుల పేర్లు చెప్పకుండా వేరొకచోట పెంచారు. ఇక్కడ కూడా పెద్దల తప్పుకు మూల్యం చెల్లించినవాడు మరొకడే. ఈ విషయంలో జెరికోను సమర్థించవలసిన పని లేదు.

ఆ సమయంలో ఫ్రాన్సు అంతటా ఒక ఓడ ప్రమాదం గురించి చెప్పుకుంటున్నారు. 1816 జులై 2న మెడ్యూస్ అనే యుద్ధనౌక పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఇసుక మేటలపై చిక్కుకుంది. దాని కెప్టెను షోమరే ఇరవై ఏళ్లకు పైగా ఓడ నడపనివాడు, రాజవంశానికి విధేయుడన్న కారణంగా పదవి పొందినవాడు. ఉన్న పడవలలో పెద్దలు, అధికారులు ఎక్కారు. చోటు చాలని దాదాపు 150 మందిని, ఎక్కువగా సామాన్య సైనికులను, నావికులను, కొయ్యలతో కట్టిన తెప్పపైకి దింపారు. పడవలు తెప్పను తాళ్లతో లాగుకుపోవాలని ఏర్పాటు. కొంత దూరం పోయాక ఆ తాళ్లు వదిలేశారు. పదమూడు రోజులు సముద్రంపై ఆకలి, దాహం, కొట్లాటలు జరిగాయి. చివరకు చచ్చినవారి మాంసం తిని ప్రాణం నిలుపుకోవలసిన దుర్గతి పట్టింది. జులై 17న ఆర్గస్ అనే ఓడ కంటబడేసరికి మిగిలినవారు 15 మంది. వారిలోనూ ఐదుగురు కొద్ది రోజులకే మరణించారు.

బతికి వచ్చిన సావినీ అనే వైద్యుడు, కొరెయార్ అనే ఇంజనీరు 1817లో ఈ ఘోరాన్ని పుస్తకంగా రాశారు. జెరికో వారిద్దరినీ కలిసి సంగతులు అడిగి తెలుసుకున్నాడు. ఆ ఓడ వడ్రంగి చేత తెప్ప నమూనా చేయించాడు. ఆసుపత్రికి, శవాల గదికి వెళ్లి మరణించేవారి, మరణించినవారి చర్మపు రంగులు పరిశీలించాడు. ఊళ్లోకి వెళ్లాలనే కోరిక కలగకుండా తల గొరిగించుకుని, నెలల తరబడి చిత్రశాలలోనే ఉండిపోయాడు. 491 సెంటీమీటర్ల ఎత్తు, 716 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ చిత్రం 1819 సలోన్‌లో ప్రదర్శింపబడింది. అడుగున శవాలు, మధ్యలో నిరాశ, పైకి పోయినకొద్దీ ఆశ. అన్నింటికంటె పైన, దూరాన చీమంతగా కనిపించే ఓడకేసి గుడ్డ ఊపుతున్నవాడు ఒక నల్లజాతి మనిషి. దేశాధినేతలనో సేనాపతులనో శిఖరాన నిలిపే ఆ కాలంలో, సమాజం అట్టడుగున ఉంచిన మనిషిని ఆ స్థానంలో నిలపడం చిన్న సంగతి కాదు.

చిత్రంపై పెద్ద దుమారం చెలరేగింది. కొందరు మెచ్చారు, కొందరు ప్రభుత్వాన్ని నిందించడానికే గీశాడన్నారు. పతకం ఇచ్చారు గాని చిత్రాన్ని ప్రభుత్వం అప్పుడు కొనలేదు. శ్రమతో కుంగిపోయిన జెరికో దాన్ని చుట్టి పక్కన పెట్టాడు.

ఇంగ్లండులో రెండేళ్లు

1820లో ఆ చిత్రాన్ని లండను తీసుకువెళ్లి, ఈజిప్షియన్ హాల్ అనే భవనంలో టిక్కెట్టు పెట్టి ప్రదర్శించారు. సుమారు 40,000 మంది చూశారు. జెరికోకు పేరుతోపాటు సొమ్మూ వచ్చింది. అయితే లండను వీధులలో అతడు గీసినవి వేరు. రాతి అచ్చు పద్ధతిలో వేసిన బొమ్మలలో రొట్టెల దుకాణం గోడకు ఆనుకుని కూలబడిన ముసలి బిచ్చగాడు, చక్రాల కుర్చీలో పక్షవాతపు స్త్రీ, బొగ్గు బండ్లు లాగే బరువైన గుర్రాలు కనిపిస్తాయి. పులిచర్మపు జీను గుర్రం పోయి, కాడి మోసే గుర్రం వచ్చింది.

1821లో ఎప్సమ్ గుర్రపు పందాలను చూసి గీసిన తైలవర్ణ చిత్రం కూడా ప్రసిద్ధమే. అందులో గుర్రాలు నాలుగు కాళ్లూ ముందుకూ వెనక్కూ చాచి గాలిలో తేలుతున్నట్లు ఉంటాయి. నిజానికి పరుగెత్తే గుర్రం అలా ఎన్నడూ ఉండదు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు వరుసగా కెమెరాలు అమర్చి తీసిన ఫోటోలలో అసలు విషయం తేలింది. నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణంలో అవి పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. గుర్రాలలోనే పుట్టి పెరిగినట్టి మనిషి కంటికే చిక్కని సత్యమది. అయినా ఆ చిత్రం చూసినప్పుడు వేగం అనుభవానికి వస్తుంది. కంటికి కనిపించేదీ మనసుకు తోచేదీ ఎప్పుడూ ఒకటి కావని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం లేదు.

చివరి రోజులు

1821 చివరన పారిస్ చేరిన జెరికో ఆరోగ్యం అప్పటికే చెడింది. వ్యాపారాలలో, వాటాలలో పెట్టిన డబ్బు పోయింది. గుర్రాల మీది మోజు మాత్రం తగ్గలేదు. ఒకటి తరువాత ఒకటిగా గుర్రం మీద నుంచి పడి వెన్ను దెబ్బతింది. క్షయరోగం వెన్నెముకకు పాకింది. అంతటి బాధలోనూ అతడు గీసినవి ఎవరూ గీయదలచనివారి ముఖాలు. డాక్టరు జార్జె అనే మానసిక వైద్యునికి తెలిసిన మానసిక రోగుల చిత్రాలవి. మొత్తం పది గీశాడని చెబుతారు. వాటిలో ఐదు నేడు ఫ్రాన్సు, బెల్జియం, స్విట్జర్లాండు, అమెరికా మ్యూజియాలలో ఉన్నాయి. పిచ్చివారిని బోనులో జంతువుల్లా వింతగా చూసే ఆ రోజులలో, ఈ చిత్రాలలో వెక్కిరింపు లేదు, భయపెట్టడమూ లేదు. మన ఇంటి పెద్దవారిని చూసినట్లే వారిని చూశాడు.

ఆఫ్రికా బానిసల వ్యాపారంపై మెడ్యూస్ తెప్ప వంటి మహాచిత్రం వేయాలని నమూనాలు గీసుకున్నాడు. శక్తి చాలలేదు. 1823 దాదాపు మొత్తం మంచం పట్టి గడిపాడు. శస్త్రచికిత్సలు జరిగాయి, ఫలితం లేదు. లేవలేని స్థితిలో కుడి చేత్తో తన ఎడమ చేతినే నమూనాగా పెట్టుకుని గీసిన చిత్రం మిగిలింది. 1824 జనవరి 26న, ముప్పై రెండేళ్లకే కన్నుమూశాడు. అదే ఏడాది మెడ్యూస్ చిత్రాన్ని స్నేహితుడు దెద్రూ దోర్సీ కాపాడి, లూవ్ర్ మ్యూజియానికి చేర్చాడు. అక్కడ అది నేటికీ ఉంది.

పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానంలో అతని సమాధిపై, ఎతెక్స్ అనే శిల్పి మలచిన కంచు విగ్రహం ఉంది. చిత్రకారుడు పక్కకు ఒరిగి, చేత రంగుల పలక పట్టుకుని ఉంటాడు. కింద మూడు వైపులా అతని మూడు చిత్రాలు ఉబ్బెత్తు బొమ్మలుగా చెక్కారు. తెప్ప, గాయపడిన రౌతు, వెనుదిరిగి చూసే రౌతు.

మన ఇళ్లలో

పిల్లవాని ప్రశ్న అలాగే ఉంది. రౌతు ఎందుకు వెనక్కి చూస్తున్నాడు? వెనుక వస్తున్న తన దళాన్ని పిలుస్తున్నాడని కొందరంటారు. కనిపించని శత్రువును చూస్తున్నాడని మరికొందరు. నాకు మాత్రం ఆ చూపులో తనకు బదులుగా ఎవరో వెళ్లారని తెలిసిన యువకుని మనసు కనిపిస్తుంది. ఇది నా భావన మాత్రమే.

ఇలా అనిపించడానికి ఒక కారణం ఉంది. మన సరిహద్దు ఊళ్ల నుంచి భివండి సాంచాలకు వచ్చిన ఇళ్లలో బదులు వెళ్లడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఒకరు చదువుకోవాలంటే మరొకరు రాత్రిపాళీ చేయాలి. నేను టీచరు ట్రైనింగు చదివిన రెండేళ్లూ మా అన్నయ్య సాంచాల వద్ద నిలబడి ఫీజు పంపాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు మందగించాయి. నా చేతిలో సుద్దముక్క ఉంది. మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ పైకి అనరు, అన్నయ్య అసలే అనడు.

జెరికోకు బదులు వెళ్లిన మనిషి ముఖం మనకు తెలియదు, అతణ్ణి ఎవరూ గీయలేదు. మన ఇళ్లలో ఆ ముఖాలు మన కళ్లెదుటే ఉన్నాయి. ఆ తరగతి చివరన పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఇంటికి వెళ్లి, మీ కోసం ఎవరు ఎక్కడికి వెళ్లారో అడిగి తెలుసుకుని, వారి బొమ్మ గీసుకు రమ్మన్నాను. మరునాడు వచ్చిన బొమ్మలలో గుర్రాలు లేవు, కత్తులూ లేవు. ఎక్కువ వాటిలో మగ్గం ముందు నిలబడ్డ మనిషి ఉన్నాడు. వాటిని తరగతి గోడకు, ఆ ఫ్రెంచి రౌతు పక్కనే అంటించాము.